ఎండ మంచిదే, ఏ వేళ ఎండో కూడా రాయండి

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం. వేసవి మొదలయ్యేసరికి మన పత్రికల జిల్లా పేజీల్లో రెండు సలహాలు పక్కపక్కనే కనిపిస్తుంటాయి. ఒకటి, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ హెచ్చరికల ఆధారంగా, పగటి ఎండలో అత్యవసరమైతే తప్ప గడప దాటవద్దని చెప్పే వార్త. రెండోది ఆరోగ్య శీర్షికలో వచ్చేది. పట్టణాల్లో డి విటమిన్ లోపం ఎక్కువగా ఉందనీ, రోజూ పొద్దున్నే లేత ఎండలో కాసేపు నిలబడితే ఆ లోపం తీరుతుందనీ అందులో రాస్తారు. మొదటి సలహాతో నాకు పేచీ లేదు. రెండోదానిలో లోపం గురించి చెప్పిన మాట నిజమే గాని, తీర్చుకునే వేళ గురించి చెప్పిన మాట మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ఎండకు సరిపోదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. వైద్యుణ్ని కాను కనుక ఆరోగ్యం గురించి ఇక్కడ రాసేదంతా అచ్చయిన పరిశోధనల్లోనూ, వైద్య సంఘాల సూచనల్లోనూ ఉన్నదే. సూర్యుడి ఎత్తు, నీడ పొడవు మాత్రం నేను ఏళ్ల తరబడి బడి ఆవరణలో కర్ర పాతించి పిల్లల చేత కొలిపించిన పాఠం.

మన చర్మంలో 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థం సహజంగానే ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే పొట్టి తరంగాలు, అంటే సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల పొడవున్నవి, దాన్ని తాకినప్పుడు అది ముందు ప్రీవిటమిన్‌గా మారి, ఆ తరవాత ఒంటి వేడికి మెల్లగా డి3 విటమిన్ అవుతుంది. అక్కడి నుంచి కాలేయంలో ఒక మార్పు, మూత్రపిండాల్లో మరో మార్పు పొందాక, మనం తిన్న తిండిలోని కాల్షియాన్ని పేగులు రక్తంలోకి తీసుకునేలా చేస్తుంది. ఇదంతా మొదలు కావాలంటే యూవీబీ మన ఒంటి దాకా రావాలి గదా! సూర్యుడు తూర్పున దిగువగా ఉన్నప్పుడు కిరణాలు గాలిపొరలో ఏటవాలుగా చాలా దూరం ప్రయాణించవలసి ఉంటుంది కాబట్టి, ఆ దారిలోనే ఓజోను యూవీబీని దాదాపు పూర్తిగా పీల్చేసుకుంటుంది. వెలుతురు వస్తుంది, వెచ్చదనం వస్తుంది, యూవీఏ అనే పొడుగు తరంగాలు కూడా కొంత వస్తాయి. డి విటమిన్‌కు కావలసినవి మాత్రం రావు. ఆరున్నరకు మేడ మీద సూర్యనమస్కారాలు చేసేవారికి వ్యాయామ ఫలం తప్పకుండా దక్కుతుంది, మానమని నేను అనడం లేదు. అయితే ఎముకల కోసమే ఆ వేళకు లేస్తున్నామని ఎవరైనా అనుకుంటుంటే వారికి అందుతున్నది నామమాత్రం.

సూర్యారాధన మన ప్రాంతానికి కొత్త కాదు. రథసప్తమి నాడు తిరుమలలో సూర్యప్రభ వాహనం మీద వేంచేసిన మలయప్ప స్వామిపై తొలి కిరణాలు పడే క్షణం కోసం మాడ వీధుల్లో వేలమంది చలిలో ఎదురుచూస్తారు. నాగలాపురం వేదనారాయణ స్వామి ఆలయంలో ఏటా మార్చిలో మూడు రోజులు సాయంకాలపు కిరణాలు గర్భాలయం దాకా ప్రసరించి స్వామిని తాకుతాయి. సూర్యుడు క్షితిజానికి దగ్గరగా ఉంటేనే కిరణం అంత అడ్డంగా, అంత లోపలికి పోగలదు. ఆ దర్శనాలు భక్తికి సంబంధించినవి, వాటికి విటమిన్ లెక్క కట్టడం నా ఉద్దేశం కాదు. ఉదయ సంధ్య, సాయం సంధ్యల మీద మనకున్న గౌరవాన్ని ఆరోగ్య సలహాగా మార్చేటప్పుడు మాత్రం కాస్త ఆలోచించాలి అంటున్నాను.

ఈ విషయం తేల్చడానికి విదేశాల పరిశోధనల దాకా పోనక్కర్లేదు. తిరుపతిలోనే, శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో, అంటే మనమంతా స్విమ్స్ అనే ఆసుపత్రిలో, డాక్టర్ సి.వి. హరినారాయణ్ గారి బృందం ఏళ్ల క్రితమే దీని మీద పనిచేసింది. డి విటమిన్ పరిశోధనలో పేరుపొందిన అమెరికా శాస్త్రవేత్త మైఖేల్ హోలిక్ కూడా భాగస్వామిగా 2013లో అచ్చయిన వారి వ్యాసంలో, 7-డీహైడ్రోకొలెస్టరాల్ నింపిన ఆంప్యూళ్లను, అంటే మూసేసిన చిన్న సీసాలను, ఉదయం 8 నుంచి సాయంత్రం 4 వరకు గంట గంటకూ తిరుపతి ఎండలో పెట్టి, ఎంత భాగం ప్రీవిటమిన్‌గా మారిందో కొలిచిన వివరాలున్నాయి. ఏడాది పొడవునా ఆ మార్పు గరిష్ఠంగా జరిగింది 11 నుంచి 2 గంటల మధ్యన. మన ఊళ్లో, మన ఎండలోనే కొలిచిన లెక్క మన చేతిలో ఉండగా, ఆరోగ్య శీర్షికలు మాత్రం ఇప్పటికీ ఆరింటికీ ఏడింటికీ జనాన్ని మేడ మీదికి పంపుతున్నాయి. ఎక్కడో చలిదేశపు సలహాను తెచ్చి వేశారా అంటే అదీ కాదు, అక్కడివారు కూడా మధ్యాహ్నపు ఎండనే చెబుతారు.

అలాగని మే నెలలో పన్నెండింటికి నడిరోడ్డు మీద నిలబడమని నేను చెబితే మీరు నా ఉత్తరాన్ని బుట్టలో వేయడమే న్యాయం. ఇక్కడే నీడ పాఠం పనికివస్తుంది. నీడ మనిషి ఎత్తుకు సమానంగా ఉందంటే సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున ఉన్నాడని అర్థం. నీడ అంతకంటే పొట్టిగా ఉన్నంత సేపూ యూవీబీ చెప్పుకోదగినంత అందుతుంది. నీడ మనకంటే బాగా పొడుగైందంటే అందేది తక్కువ. తిరుపతి అక్షాంశం సుమారు 13.6 డిగ్రీలు. ఆ లెక్కన ఏప్రిల్ చివర ఉదయం ఏడింటికి ఐదున్నర అడుగుల మనిషి నీడ ఇరవై అడుగులుంటుంది. అదే రోజు తొమ్మిది దాటి ఐదు నిమిషాలయ్యేసరికి నీడ ఎత్తుకు సరిపోతుంది. మళ్లీ సాయంత్రం మూడుంబావు ప్రాంతంలో ఎత్తును దాటుతుంది. మార్చి, సెప్టెంబరు నెలల చివర్లో ఈ వేళ ఉదయం తొమ్మిదీ పదికీ తొమ్మిదిన్నరకూ మధ్య మొదలవుతుంది. డిసెంబరు చివర పదీ ఇరవై ఐదు అయితే గాని మొదలు కాదు, రెండు కొట్టేలోపే ముగుస్తుంది. చిత్తూరులోనూ తేడా కొద్ది నిమిషాలే. డిసెంబరులో కూడా మనకు మధ్యాహ్నపు సూర్యుడు 53 డిగ్రీల ఎత్తుకు లేస్తాడు కాబట్టి, ఉత్తర ఐరోపా దేశాల్లో మాదిరిగా చలికాలమంతా డి విటమిన్ ఎండ దొరకని పరిస్థితి ఇక్కడ ఎన్నడూ రాదు. ఏప్రిల్ చివరా, ఆగస్టు నడుమా సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిలువు కర్రకు నీడే లేకుండా పోయే రోజులు కూడా మనకున్నాయి. ఆ రెండింటికీ మధ్య కాలంలో మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుందని చూపించినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు ఎంత ఆశ్చర్యపోయేవారో!

కాబట్టి ఏడాదంతటికీ ఒకే వేళ చెప్పడం కుదరదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పదిన్నరకూ ఒంటిగంటకూ మధ్య ఇరవై నిమిషాల నుంచి అరగంట, వారంలో వీలైనన్ని రోజులు, చేతులూ కాళ్లూ కప్పుకోకుండా ఎండలో ఉండగలిగితే మంచిది. ఆ నెలల్లో వేడి బాధ కూడా పెద్దగా ఉండదు. మార్చి నుంచి జూన్ వరకు తొమ్మిదికీ తొమ్మిదీ ముప్పావుకూ మధ్య పావుగంట నుంచి ఇరవై నిమిషాలు చాలు, ఆ పైన నీడ పట్టుకోవాలి. గరిష్ఠ ఫలం అప్పుడు రాకపోయినా వడదెబ్బ ప్రమాదం తక్కువ. వానల రోజుల్లో మబ్బు విడిచినప్పుడు చూసుకోవడమే. ఈ నిమిషాల లెక్క అందరికీ ఒకటే కాదని కూడా చెప్పాలి. చర్మానికి నల్లదనమిచ్చే మెలనిన్ యూవీబీని అడ్డుకుంటుంది కాబట్టి ఛాయ తక్కువైనవారికి ఎక్కువ సేపు పడుతుంది. వయసు మళ్లినవారి చర్మంలో ముడిపదార్థమే తగ్గిపోతుంది. ఎవరికైనా హద్దు ఒకటే, చర్మం చురుక్కుమనకముందే లేచి రావడం.

ఇంకా సేపు ఉంటే ఇంకా ఎక్కువ విటమిన్ వస్తుందనుకోవడం పొరపాటు. కొంత సేపయ్యాక చర్మంలో తయారైన ప్రీవిటమిన్‌ను ఆ ఎండ తానే లూమిస్టెరాల్, టాకిస్టెరాల్ అనే నిరుపయోగమైన రూపాల్లోకి మార్చేస్తుంది. ఆ తరవాత నిలబడడం నిండిన కుండలో నీళ్లు పోయడమే. ఎండ వల్ల డి విటమిన్ మోతాదు మించి విషంగా మారడం జరగకపోవడానికి కారణం కూడా ఇదే. చర్మానికి జరిగే హాని మాత్రం ఎక్కడా ఆగదు, నిమిషం నిమిషానికీ పెరుగుతూనే పోతుంది. లాభం తొందరగా ముగుస్తుంది, నష్టం కొనసాగుతుంది కాబట్టి తక్కువ సేపు, ఎక్కువ రోజులు అన్న పద్ధతే సరైనది. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చుని వారానికి సరిపడా సంపాదించాలనుకోవడం పనికిరాని పని.

వేడీ, యూవీబీ ఒకటి కాదన్నది కూడా మన వార్తల్లో సరిగా రావడం లేదు. సూర్యుడు నడినెత్తిన ఉండేది మనకు పన్నెండు దాటి పది నిమిషాల ప్రాంతంలో. యూవీబీ ఆ వేళకు ఇటూ అటూ సమానంగా పెరిగి తరుగుతుంది. నేల కాగి, గాలి కాగి, ఉష్ణోగ్రత గరిష్ఠానికి చేరేది మాత్రం రెండు దాటాక. అందువల్ల మే నెలలో ఉదయం తొమ్మిదిన్నరకు దొరికే యూవీబీ, మధ్యాహ్నం మూడు కాబోతుండగా దొరికే యూవీబీ ఇంచుమించు ఒకటే అయినా, మొదటిదానిలో ఒళ్లు ఓర్చుకోగల వేడి ఉంటుంది, రెండోదానిలో వడగాడ్పు ఉంటుంది. దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. జనవరిలో చల్లగాలికి ఎండ హాయిగా ఉందని పన్నెండింటికి గంటల తరబడి మైదానంలో క్రికెట్ చూసేవారికి వేడి తెలియకపోయినా చర్మం కమిలేంత యూవీ తగులుతూనే ఉంటుంది.

ఆ తీవ్రతను కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ యూవీ సూచీ అనే అంకెను ప్రచారంలో పెట్టింది. అది 3 చేరితే రక్షణ మొదలుపెట్టాలి. 8 నుంచి చాలా ఎక్కువ, 11 నుంచి విపరీతం. మన దగ్గర ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఆకాశం తేటగా ఉంటే 11 దాటడం మామూలే. మన ఛాయకు చర్మ క్యాన్సర్ ముప్పు తెల్లవారితో పోలిస్తే తక్కువేనన్నది నిజం, దానితో నిశ్చింతగా ఉండడం సరికాదు. బుగ్గల మీద మంగు మచ్చలు ముదరడానికీ, చర్మం ముందే ముడతలు పడడానికీ, కళ్లలో శుక్లాలు పెరగడానికీ ఎండ కారణమే. ఎండకు ముదిరే లూపస్ వంటి జబ్బులున్నవారు, చర్మాన్ని ఎండకు తట్టుకోనీయని డాక్సీసైక్లిన్ వంటి మందులు వాడుతున్నవారు ఎండ సలహా దేన్నీ పత్రిక చూసి పాటించకూడదు; వారి వైద్యుడే చెప్పాలి.

ముఖం విషయంలో ఒక తేలికైన మార్గం ఉంది. ఒంటి మొత్తం చర్మంలో ముఖం వాటా చాలా స్వల్పం, నల్లబడేదీ మచ్చలు పడేదీ అదే ఎక్కువ. కాబట్టి ముఖానికి టోపీయో, కొంగో, సన్‌స్క్రీనో వాడి, ముంజేతులూ పిక్కలూ ఎండకిస్తే లాభం ఎక్కువ, నష్టం తక్కువ. సన్‌స్క్రీన్ రాస్తే డి విటమిన్ అసలే రాదన్న భయం కూడా అతిగా ప్రచారమైంది. ఎస్‌పీఎఫ్ 30 ఉన్న క్రీము ప్రయోగశాలలో రాసినంత మందంగా రాస్తే యూవీబీలో 97 శాతం దాకా ఆపే మాట నిజమే. మామూలుగా అంత మందంగా ఎవరూ రాయరు, రెండు గంటలకోసారి మళ్లీ రాసేవారు మరీ తక్కువ. రోజువారీ వాడకం వల్ల విటమిన్ స్థాయి పడిపోయిన దాఖలాలు పెద్దగా కనిపించలేదు.

మరి ఇంత ఎండ ఉన్న ఊళ్లో లోపం ఎందుకు వస్తోంది? ఎండ పడే గంటల్లో మనం గోడల లోపల ఉండడమే దీనికి ముఖ్య కారణం. రేణిగుంట, శ్రీసిటీ వైపు కర్మాగారాలకు వెళ్లే ఆడపిల్లలు తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి, పొద్దు వాలాక దిగుతారు. మధ్యలో వారికి సూర్యుడు కనిపించేది బస్సు అద్దంలోంచే. కిటికీ అద్దం యూవీబీని ఆపేసి యూవీఏని లోపలికి వదులుతుంది. అంటే కారులోనో, అద్దాల ఆఫీసులోనో ఎండ పొడ పడే కుర్చీలో కూర్చున్నవారు నల్లబడగలరు గాని విటమిన్ పొందలేరు. ఇక స్కూటీ మీద వెళ్లే యువతులు ముఖమంతా చున్నీ చుట్టి, భుజాల దాకా గ్లవుజులు తొడుక్కుంటున్నారని వ్యంగ్యంగా రాసేవారున్నారు. మన రోడ్ల దుమ్ములో, మే నెల ఎండలో వారు చేస్తున్నది తెలివైన పనే. వారికి కావలసింది తప్పుపట్టడం కాదు. ఇంటి దగ్గరో, కాలేజీలోనో, పని చేసేచోటో ఉదయం పదింటి వేళ నిస్సంకోచంగా కాసేపు ఎండలో కూర్చోగల చోటు. అపార్టుమెంట్లలో మేడ తాళం వాచ్‌మన్ దగ్గరే ఉండిపోతోందన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, చాలామంది గృహిణులకు అసలు అడ్డంకి అదే.

ఆరోగ్య శీర్షికలు మరచిపోయే ఇంకో వర్గం ఉంది. మామిడి తోటల్లో కాయ కోసే కూలీలకూ, ఉపాధి హామీ పనులకు వెళ్లేవారికీ, భవన నిర్మాణ కార్మికులకూ, కూడళ్లలో నిలబడే ట్రాఫిక్ పోలీసులకూ ఎండలో నిలబడండి అన్న సలహాతో పని లేదు. వారికి కావలసింది తలగుడ్డ, పూర్తి చేతుల చొక్కా, నీళ్లు, నడుమ నీడలో విరామం. స్విమ్స్ వారి తొలి అధ్యయనాల్లో, పొద్దంతా పొలంలో పనిచేసే పల్లె జనంలో డి విటమిన్ పట్టణ జనంకంటే మెరుగ్గానే ఉందని తేలింది. అయితే 2007లో వచ్చిన ఆ బృందపు వ్యాసం ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పింది. మన ప్రాంతపు తిండిలో కాల్షియం తక్కువ, ధాన్యాల్లో ఉండి కాల్షియాన్ని పట్టేసుకునే ఫైటేట్ ఎక్కువ. కాల్షియం చాలనప్పుడు శరీరం ఉన్న డి విటమిన్‌ను త్వరత్వరగా ఖర్చు చేసేస్తుంది. ఎండలో ఎంత తిరిగినా తిండి బాగోలేకపోతే ఎముక బాగుపడదన్నమాట.

ఈ తిండి సంగతి ఎండ సంగతికంటే తక్కువేమీ కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, 600 యూనిట్ల డి విటమిన్ కావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అదే తూకం పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాముల ప్రాంతం. చిత్తూరు సీమలో మన పెద్దలు ఊరికే సంగటి ముద్ద మీద బతకలేదు. రాగుల్లోనూ ఫైటేట్ ఉంది, కాకపోతే మొలకెత్తించి పిండి పట్టించినా, రాత్రంతా పులియబెట్టి అంబలి కాచినా అది బాగా తగ్గుతుంది. మజ్జిగ, నువ్వులు, మునగాకు, ముళ్లతో సహా నమిలి తినే చిన్న ఎండు చేపలు కూడా కాల్షియానికి మంచివి. డి విటమిన్ మాత్రం తిండిలో దొరకడం కష్టం. కొవ్వున్న సముద్రపు చేపల్లో బాగానే ఉంటుంది, కోడిగుడ్డు పచ్చసొనలో సుమారు 40 యూనిట్లు ఉంటుంది. పుట్టగొడుగులను కోసి మధ్యాహ్నపు ఎండలో కాసేపు ఆరబెడితే వాటిలో డి విటమిన్‌కు మరో రూపమైన డి2 తయారవుతుంది. శాకాహారులకు ఇది పనికివచ్చే చిట్కా. ప్యాకెట్ మీద 'ప్లస్ ఎఫ్' గుర్తున్న పాలలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం లీటరుకు 200 నుంచి 300 యూనిట్ల డి విటమిన్ కలుపుతారు. ఒక గ్లాసు పాలతో రోజు అవసరంలో పదో వంతుకు మించి రాదు కనుక దాన్నే నమ్ముకుని కూర్చోలేం, అయినా కొనేటప్పుడు ఆ గుర్తు చూసి కొనడంలో కష్టమేమీ లేదు.

పసిబిడ్డల విషయం వేరు. నూనె రాసి, స్నానానికి ముందు పొద్దుటి ఎండలో పడుకోబెట్టే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. లేత ఎండ కాబట్టి దానివల్ల హాని లేకపోవచ్చు, డి విటమిన్ మాత్రం చాలదు. అలాగని ఆరు నెలల లోపు బిడ్డను పదింటి ఎండలో పెట్టడం అసలే తగదు. తల్లిపాలలో డి విటమిన్ తక్కువ కాబట్టి, మొదటి ఏడాది రోజుకు 400 యూనిట్ల చుక్కల మందు వేయమని భారత శిశువైద్యుల సంఘం చెబుతోంది. ప్రతి బాలింతకూ ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడే ఇది నోటితో చెప్పి, కాగితం మీద రాసి ఇవ్వాలి. దొడ్డికాళ్లు పడే రికెట్స్ జబ్బును నివారించడం ఇంత చవక.

మందుల గురించి రాయకపోతే ఈ ఉత్తరం అసంపూర్తిగా ఉంటుంది. ఒళ్లు నొప్పులన్నవారికల్లా డి విటమిన్ పరీక్ష, వెంటనే 60,000 యూనిట్ల సాచెట్ అన్నది ఇప్పుడు మెడికల్ షాపు స్థాయికి దిగింది. అది సాధారణంగా వారానికి ఒకటి చొప్పున, వైద్యుడు చెప్పినన్ని వారాలే వాడవలసిన మందు. రోజూ ఒకటి వాడేసినా, నెలల తరబడి ఆపకుండా వాడినా రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు, విపరీతమైన దాహం, మూత్రపిండాల్లో రాళ్లు, చివరికి మూత్రపిండాల వైఫల్యం దాకా పోవచ్చు. ఎండకున్న హద్దు మాత్రకు లేదు. పరీక్ష సంగతి చూసినా, ఆరోగ్యంగా ఉన్న పెద్దలందరికీ ఈ రక్తపరీక్ష అవసరం లేదని అమెరికాలోని హార్మోను వైద్య నిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2024లో స్పష్టంగా చెప్పింది. రక్తంలో మిల్లీలీటరుకు 20 నానోగ్రాములున్నా ఎముకలకు చాలునని చాలామంది నిపుణుల మాట. 30 దాటకపోతే లోపమే అని భయపెట్టే రిపోర్టులు చూసి కంగారుపడవలసింది లేదు. సుమారు 26,000 మందిపై అమెరికాలో జరిగిన వైటల్ అనే పెద్ద అధ్యయనంలో, రోజుకు 2,000 యూనిట్లు తీసుకున్నవారిలో గుండె జబ్బులు గాని, క్యాన్సర్లు గాని తగ్గలేదు. లోపం నిజంగా ఉన్నవారికి, అంటే కండరాల నీరసం, ఎముకల నొప్పి ఉండి పరీక్షలో బాగా తక్కువ అని తేలినవారికి, మూత్రపిండాల జబ్బులున్నవారికి, మంచం పట్టిన వృద్ధులకు మందు తప్పదు. వారిని ఎండలో కూర్చోబెట్టి మందు మాన్పించడం ఇంకో తప్పు.

చివరగా మీ పత్రికకు, మీ ద్వారా అధికారులకు కొన్ని విన్నపాలు. మీరు రోజూ సూర్యోదయం, సూర్యాస్తమయం, రాహుకాలం, వర్జ్యం వేస్తున్నారు. అదే పెట్టెలో నీడ మనిషి ఎత్తుకంటే పొట్టిగా ఉండే వేళనూ, ఆనాటి గరిష్ఠ యూవీ సూచీనీ ఒక్క వరుసలో వేయండి. సెల్‌ఫోన్ వాతావరణ యాప్‌లలో ఆ సూచీ ఎలాగూ దొరుకుతోంది. ఆరోగ్య శీర్షికలో ఇకపై ఎండ గురించి రాసేటప్పుడు నెల, వేళ, ఎంత సేపు అన్న మూడూ రాయండి. పాఠశాలల్లో ఆటల పీరియడ్ ఎక్కువగా సాయంత్రం చివరి గంటకు పడుతోంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వారంలో రెండు రోజులైనా దాన్ని పదిన్నర తరవాతకు జరపడానికి విద్యాశాఖకు రూపాయి ఖర్చు లేదు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలవగానే మళ్లీ మార్చుకోవచ్చు. ఉపాధ్యాయులు టైంటేబుల్ మార్చడానికి ఎంత బద్ధకిస్తారో నాకు బాగా తెలుసు కనుక ఈ మాట జిల్లా విద్యాశాఖాధికారి నుంచి ఉత్తర్వుగా వస్తేనే జరుగుతుంది. కర్మాగారాల యాజమాన్యాలు కూడా చలికాలంలో ఉదయపు టీ విరామాన్ని క్యాంటీన్ లోపల కాకుండా ఆరుబయట ఇవ్వగలవు.

తిరుపతికీ చిత్తూరుకూ ఏడాది పొడవునా పది రోజులకొకసారి చొప్పున నీడ వేళల పట్టిక వేసి ఉంచాను. మీరు అచ్చువేస్తామంటే ఆ కాగితాలు మీ కార్యాలయానికి పంపుతాను. వేసే ముందు వాటిని వేరెవరి చేతనైనా ఒకసారి సరిచూయించండి.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
తిరుపతి